ఏ ఆరున్నర?

"కదలకండి అత్తయ్యా, ఒక్క చుక్కే."

పెద్దకోడలు ఎడమచేతి బొటనవేలితో అత్తగారి కింది రెప్పను మెల్లగా లాగి పట్టుకుంది. కుడిచేతిలో మందు సీసా తలకిందులుగా ఉంది. దాని కొసన చుక్క ఊరుతోంది గానీ పడటం లేదు. కుర్చీలో తల వెనక్కి వాల్చి, నోరు కొంచెం తెరిచి, అత్తగారు ఇంటి కప్పు వైపు చూస్తోంది. కప్పు ఆమెకు ఎంత కనబడుతోందో ఆమెకే తెలియాలి. ఎడమ కంట్లో వెలుగు పోయి చాలాకాలమైంది. మిగిలింది ఈ కుడి కన్నే. దాని మీదా పాలమీగడ లాంటి పొర కమ్మింది.

"ఇంకా పడలేదా?"

"పడుతుంది, ఉండండి."

"చిన్నమ్మాయి వేస్తే వేసినట్టే తెలియదు," అంది అత్తగారు. అందులో వంకేమీ లేదు. ఎండగా ఉందనో, కుళాయి కారుతోందనో చెప్పినట్టే చెప్పింది.

పెద్దకోడలి చెయ్యి కదిలింది. చుక్క కంట్లో పడకుండా రెప్ప మీద పడి, చెంప మీదుగా చెవి దాకా జారింది. తుడిచి, మళ్ళీ వేసింది. ఈసారి పడింది.

ఈ కథ మొదటినుంచీ చదువుతున్నవాళ్ళకి ఆ చెయ్యి ఎందుకు కదిలిందో తెలుసు. ఇవాళే మొదలుపెట్టినవాళ్ళ కోసం జరిగింది క్లుప్తంగా చెప్పుకుందాం.

ఈ ఇంటి కోడళ్ళిద్దరూ ఒకే ఆఫీసులో ప్రోగ్రాములు రాస్తారు. పెద్దామె ముందు చేరింది. చిన్నామె పెళ్ళయి ఈ ఇంటికి వచ్చాక పెద్దామె చెయ్యి పట్టుకునే ఆ మెట్లెక్కింది. ఆఫీసులో పెద్దకోడలికి 'తారీఖులక్క' అని పేరు. జనం తేదీనీ టైమునీ ఎన్ని రకాలుగా రాస్తారో, అందులో ఎన్ని రకాలుగా తప్పుతారో ఆమెకు తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. పదమూడో నెల, ముప్పై రెండో తారీఖు, ఇరవై ఐదు గంటలు వంటివి లోపలికి రాకుండా గుమ్మంలోనే ఆపే వరస ఒకటి ఉంటుంది. అంకెలూ బ్రాకెట్లూ గుర్తులూ కలిసి కోడి కెలికినట్టు కనబడే ఆ వరసను రెజెక్స్ అంటారు. తారీఖులక్కకు దాన్ని రాయడంలో ఒక పద్ధతి ఉంది. రానివ్వాల్సినవాటి గురించి ఆలోచించకముందే, రానివ్వకూడనివాటిని ఒక్కొక్కటిగా రాసి ముందు పెట్టుకుంటుంది. "మంచివాళ్ళని ఎవరైనా లోపలికి రానిస్తారు. దొంగల్ని గుర్తుపట్టడమే పని," అంటుంది. చిన్నకోడలికి ఆ విద్య నేర్పింది ఆమే.

కంటి ఆసుపత్రి అపాయింట్‌మెంట్ల పని వచ్చినప్పుడు ఆ వరస రాయమని మేనేజరు చిన్నకోడలికి ఇచ్చాడు. పెద్దామె పేజీకి అడ్డంగా రాసేదాన్ని చిన్నామె అందులో సగంలో రాసింది. మేనేజరు నలుగురినీ పిలిచి చూపించి, "మన తారీఖులక్కకి వారసురాలు దొరికింది," అన్నాడు. అందరూ నవ్వారు, తారీఖులక్క కూడా నవ్వింది. మనిషి పోయాక కదా వారసులు అనే మాట నోటిదాకా వచ్చింది, దాన్ని మంచినీళ్ళతో పాటు మింగేసింది.

ఆ ఆఫీసులో ఒకరు రాసినదాన్ని ఇంకొకరు చూసి 'సరే' నొక్కితే తప్ప అది బయటికి పోదు. దీన్ని చూడాల్సిన వంతు పెద్దకోడలిది. చూసింది. ఏఎం, పీఎం అనే మాటల వెనక ఒక ప్రశ్నార్థకం ఉంది. ఆ వరసలో ప్రశ్నార్థకం ఉంటే, దాని ముందున్నది ఉన్నా సరే, లేకపోయినా సరే అని అర్థం. అంటే, ఎవరైనా ఉత్త 6:30 అని కొడితే, పొద్దునా సాయంత్రమా అని అడగకుండానే లోపలికి రానిచ్చేస్తుంది. లోపలికి వచ్చినదాన్ని కంప్యూటరు పొద్దున కింద జమకడుతుంది. పెద్దకోడలు ఆ గుర్తును చాలాసేపు చూసి, 'సరే' నొక్కింది. తర్వాత పరీక్షించేవాళ్ళు పట్టుకుంటారు, చిన్నదానికి నలుగురిలో ఒక మొట్టికాయ పడుతుంది, అంతేగా అనుకుంది.

ఎవరూ పట్టుకోలేదు. నిన్న సాయంత్రం కంటి ఆపరేషనుకని అత్తగారిని ముస్తాబు చేసి అదే ఆసుపత్రికి తీసుకెళ్తే, "మీ టైము పొద్దున ఆరున్నర కదా, పిలిచి పిలిచి ఇంకొకరికి ఇచ్చేశాం," అన్నారు. ఫోనులో ఆ టైము కొట్టింది మరిది, అంటే చిన్నకోడలి మొగుడు. అతను కొట్టింది ఉత్త 6:30. అప్పటికే ఆ కౌంటరు ముందు అలాంటివాళ్ళు ఇంకా చాలామంది నిలబడి ఉన్నారు.

ఇవాళ ఆఫీసు అట్టుడికిపోయింది. రేపు పొద్దున రాసినామె, చూసినామె ఇద్దరూ తన గదికి రావాలని మేనేజరు కబురు పెట్టాడు. రేపటికి ఇంకా ఒక రాత్రి ఉంది. పెద్దకోడలి భయం మాత్రం రేపటి గురించి కాదు. తను ఆ గుర్తును చూసే వదిలేసిందన్న సంగతి ఈ ఇంట్లో తెలియకూడదు.

మందు సీసా మూత బిగిస్తూండగా మరిది ఫోను చేతిలో పట్టుకుని లోపలికి వచ్చాడు.

"కనుక్కున్నానమ్మా. ఆపరేషను చేసే పెద్ద డాక్టరు మళ్ళీ వచ్చేది వానలు వెనకబట్టాకేనట."

"అప్పటిదాకా నా కన్ను ఆగుతుందా అని అడిగావా?"

"అడిగాను. మధ్యలో ఎవరైనా మానేస్తే పిలుస్తాం అన్నారు. ఎవరు మానేస్తారమ్మా? కళ్ళు కనబడక కళ్ళాసుపత్రికి వచ్చినవాళ్ళు, ఇవాళ సినిమాకి పోతున్నాం రాలేం అంటారా?" అతను ఫోనును మంచం మీదికి విసిరాడు. "నా ఖర్మ కాకపోతే, ఏ ఆరున్నర అని ఒక్కమాట అడగొద్దూ? వీధి చివర కొట్టువాడు కూడా అడుగుతాడు, పొద్దున పంపమంటారా సాయంత్రమా అని."

"నువ్వైనా రాసి చావొచ్చుగా," అంది అత్తగారు.

"రాయందే ఒప్పుకోదనుకున్నా. ఒప్పుకుంది. ఒప్పుకున్నాక ఇంకేంటి? ఈ ఇంట్లో ఇద్దరు కంప్యూటరు పండితులున్నారు, మన పని తప్పదులే అన్న ధీమా ఒకటి!"

వంటగది గుమ్మంలో చిన్నకోడలు నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో ఎవరూ గమనించలేదు. ఏడ్చి మొహం కడుక్కున్నట్టుంది, నుదుటి దగ్గర జుట్టు తడిగా ఉంది. మెల్లగా వచ్చి అత్తగారి కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. ఆ కూర్చోవడం ఆమెకు అలవాటు. అత్తగారి చెయ్యి తడుముకుంటూ ఆమె తల మీదికి చేరడమూ అలవాటే. పెద్దకోడలు చూపు తిప్పుకుని మందు సీసాను అరలో పెట్టింది. తను ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పటినుంచీ కుర్చీ వెనకే నిలబడి మందు వేస్తోంది, దువ్వుతోంది, గోళ్ళు తీస్తోంది. పక్కన కూర్చోవచ్చని ఒక్కనాడూ తోచలేదు. ఇది వచ్చిన మర్నాడే కూర్చుంది.

"ఏమే చిన్నమ్మాయ్, అసలు ఏం జరిగిందో నాకు అర్థమయ్యేట్టు చెప్పవే," అంది అత్తగారు.

"గుమ్మంలో కాపలావాడు ఉంటాడనుకోండి అత్తయ్యా. వచ్చినవాళ్ళని చూసి సరైనవాళ్ళనే పంపాలి. గంట ఉందా? ఉంది. నిమిషాలున్నాయా? ఉన్నాయి. పొద్దునో సాయంత్రమో చెప్పారా? అది కూడా చూడాలి. నేనక్కడ ప్రశ్నార్థకం పెట్టాను. అది పెడితే, చెప్పినా చెప్పకపోయినా పోనీలే అంటాడు వాడు."

"ప్రశ్న గుర్తు పెట్టి మరీ ప్రశ్న అడగొద్దన్నావా? బాగుంది వరస!" అత్తగారు నవ్వబోయి ఆగింది. "ఎందుకు పెట్టావే?"

"మొదట్లో ఇరవై నాలుగు గంటల లెక్క కూడా తీసుకుందామన్నారు. దానికి ఏఎం పీఎం అక్కర్లేదు కదా. తర్వాత ఆ లెక్క వద్దన్నారు. దాన్ని తీసేశాను, గుర్తు తియ్యడం మర్చిపోయాను."

మరిది గోడకి ఆనుకుని వింటున్నవాడు ఉన్నట్టుండి ముందుకు వచ్చాడు.

"ఆగాగు. మీ ఆఫీసులో ఒకరు రాసింది ఇంకొకరు చూడందే గడప దాటదని అన్నం దగ్గర వందసార్లు చెప్పి మా చెవులు చిల్లులు పొడిచారుగా ఇద్దరూ. మరి దీన్నెవరు చూశారు?"

చిన్నకోడలు నేల వైపు చూసింది. చెప్పదేమో అనిపించింది పెద్దకోడలికి. చెప్పకపోతే ఇంకా మంచిదైపోతుంది ఇది, త్యాగమూర్తి. ఆ అవకాశం కూడా దీనికివ్వడం ఎందుకు?

"నేనే చూశాను," అంది.

అత్తగారి మొహం ఆ గొంతు వచ్చిన వైపు తిరిగింది.

"మరి నీకు కనబడలేదా వదినా?"

పెద్దకోడలి ముందు రెండే దారులున్నాయి. కనబడలేదంటే చేతకానిదవుతుంది, కనబడిందంటే చెడ్డదవుతుంది. నలుగురి తప్పులూ పట్టుకుని బతికిన మనిషికి మొదటి మాట ఎంత చేదో ఆమెకే తెలుసు.

"కనబడలేదు," అంది.

"పోనీలే వదినా. నీకూ వయసొస్తోంది, కళ్ళజోడు మార్పించుకోవాలేమో," అన్నాడు మరిది. ఓదార్పుగానే అన్నాడు గానీ, చెంప మీద కొట్టినా అంత మండేది కాదు.

"నోర్ముయ్యరా!" అంది అత్తగారు. "పెద్దమ్మాయికి కనబడకపోవడమేంటి? చీకట్లో సూదికి దారం ఎక్కించే మనిషి. వీధి అవతలినుంచి నా చీర అంచు ఊడిందని చెప్పే మనిషి. ఎదురింటావిడతో నేను ఎప్పుడూ అంటూంటాను, నా కళ్ళు పోతే పోయాయి, మా పెద్దమ్మాయి కళ్ళున్నాయి నాకు అని. ఎంత అలిసిపోయి ఉందో ఆ రోజు పిచ్చిది!"

పెద్దకోడలు అర తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఎదురింటావిడతో అలా అంటుందని తనకెప్పుడూ తెలియదు. ఇన్నాళ్ళూ చిన్నదాన్ని గురించే చెప్పుకుంటుందనుకుంది. ఆవిడా అత్తగారూ అరుగు మీద కూర్చుని నవ్వుకుంటుంటే, తనను గురించే నవ్వుతున్నారనుకుంది. చెప్పేయాలనిపించింది. అత్తయ్యా, అలిసిపోలేదు, చూశాను అని.

అంతలోనే అత్తగారి చెయ్యి మళ్ళీ చిన్నకోడలి తల మీదికి వెళ్ళింది.

"నువ్వూ ఏడవకే. పసిదానివి, కొత్తదానివి. చెయ్యి తిరగనిదే తప్పులు రావా?"

అంతే, నివురుగప్పిన నిప్పు ఒక్కసారిగా రాజుకుంది. తన మీద నమ్మకం, దాని మీద ముద్దు. నమ్మకం మోయాల్సిన బరువు, ముద్దు ఊరికే వచ్చేది. ఎప్పుడూ ఇంతే.

"పసిదేం కాదత్తయ్యా!" పెద్దకోడలి గొంతు తనకే కొత్తగా వినబడింది. "రాసినవాళ్ళకి తెలియొద్దూ ముందు? మెచ్చుకున్నప్పుడు ఒక్కతే నిలబడి మెచ్చుకోలు తీసుకుంది. అప్పుడు నా వాటా ఏదని ఎవరైనా అడిగారా? తప్పు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇద్దరం సగం సగం పంచుకోవాలా?"

చిన్నకోడలు అత్తగారి చేతిని మెల్లగా తన తల మీదనుంచి తీసి ఆమె ఒళ్ళో పెట్టింది.

"అక్కా, ఆ మాట అనకు."

"ఎందుకనకూడదు?"

"నువ్వంటే నేను కూడా అనాల్సొస్తుంది."

"అను, ఏమంటావో వింటాను."

చిన్నకోడలు లేచి నిలబడింది. వేళ్ళు చీర కొంగును మెలిపెడుతున్నాయి.

"ఆ రోజు సాయంత్రం నువ్వు ముందుగది బల్ల దగ్గర కూర్చుని నా వరస చూస్తున్నావు. నీకు మంచినీళ్ళు తెచ్చాను. చెవుల్లో పాటలు పెట్టుకుని ఉన్నావు, నేను వచ్చింది నీకు తెలియదు. పరీక్షించే పేజీ తెరిచి ఉంది. నా వరసని పైన అతికించి, కింద టైములు కొడుతున్నావు. ఆరున్నర ఏఎం కొట్టావు, సరైనదే అని ఆకుపచ్చ వచ్చింది. ఆరున్నర పీఎం కొట్టావు, ఆకుపచ్చ. తర్వాత ఉత్త ఆరున్నర కొట్టావు. ఎరుపు రావాలి. ఆకుపచ్చే వచ్చింది."

"ఊహించుకుంటున్నావు."

"నువ్వు నవ్వావక్కా."

పెద్దకోడలు ఏదో అనబోయి పెదవులు తడుపుకుంది. తను నవ్విన సంగతి తనకే గుర్తులేదు. కానీ ఇప్పుడు ఆ నవ్వు ఎలా ఉండి ఉంటుందో తెలుస్తోంది, తన మొహం మీదే ఎవరో దాన్ని మళ్ళీ అతికించినట్టు.

"ఇదేంటే?" అన్నాడు మరిది భార్యతో. "వదిన అలాంటిది కాదు."

"నేనూ అదే అనుకున్నానండీ. రాత్రికి చెబుతుందనుకున్నా. అందరి ముందూ చెప్పకుండా పక్కకి పిలిచి, ఇదిగో ఇక్కడ చూడు, దొంగని వదిలేశావు అని చెవి మెలిపెడుతుందనుకున్నా. అక్క ఎప్పుడూ అలాగే చెబుతుంది. మర్నాడు పొద్దున్న చూసేసరికి 'సరే' అని వచ్చేసింది."

పెద్దకోడలికి అప్పుడు తట్టింది. మునిగిపోయేవాడికి గడ్డిపోచ దొరికినట్టు పట్టుకుంది ఆ మాటని.

"అయితే నీకూ తెలిసిందిగా! నా భుజం వెనకనుంచి నీ తప్పు నువ్వే చూసుకున్నావుగా! ఒక్క గుర్తు తీసేయడానికి రెప్పపాటు చాలు. ఎందుకు దిద్దలేదు?"

చిన్నకోడలు అత్తగారి వైపు చూసింది, భర్త వైపు చూసింది. ఎక్కడా ఆసరా దొరక్క కిందికి చూసింది.

"దిద్దుదామనే కూర్చున్నా. చెయ్యి రాలేదు," అంది. "నీకేం తెలుసక్కా? ఆఫీసులో నేనేం రాసినా, 'మీ అక్కకి చూపించావా' అంటారు. వారసురాలు అన్నప్పుడు నువ్వు నొచ్చుకున్నావు. నేను మాత్రం సంతోషించాననుకున్నావా? వారసురాలంటే ఏంటి, నీ పాత చీర కట్టుకుని తిరిగేదాన్ని అనేగా. ఇంట్లోనూ అంతే. ఉప్పెక్కడుందని అడిగినా పెద్దమ్మాయినడుగు, బీరువా తాళం పెద్దమ్మాయినడుగు. ఈయన చొక్కా కొలత కూడా పెద్దమ్మాయినే అడగాలి. అత్తయ్య నన్ను ముద్దు చేస్తుంది, నిజమే. పిల్లిపిల్లని కూడా చేస్తారు. నీ 'సరే' చూశాక కడుపు మండిపోయింది. పోనీ అలాగే పోనీ అనుకున్నా. తారీఖులక్క ముద్ర వేసి పంపిందే తప్పని ఒక్కసారి, ఒకే ఒక్కసారి అందరూ చూడాలనుకున్నా."

పెద్దకోడలు ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఇన్నాళ్ళూ తను ఏ ఇంటి వైపు చూసి అసూయపడిందో, ఆ ఇంటి కిటికీలోనుంచి ఇంకొకరు తన ఇంటి వైపే చూస్తున్నట్టుంది. నా దగ్గర ఏముందని, అని అడగాలనిపించింది. అడిగే హక్కు పోయినట్టనిపించి నోరు మూసుకుంది.

"అత్తయ్య టైము అందులోనే పడుతుందని నాకు తెలియదు," అంది చిన్నకోడలు. "ఈయన ఉత్త ఆరున్నర కొట్టారని నిన్న కౌంటరు దగ్గరే తెలిసింది."

"నాకూ తెలియదు," అంది పెద్దకోడలు.

ఆ ఒక్క మాటలో మాత్రం ఇద్దరి గొంతులూ కలిశాయి. కలిసినందుకు ఇద్దరికీ సిగ్గేసింది.

మరిది తల పట్టుకుని మంచం మీద కూలబడ్డాడు. "మా అమ్మ కాకపోతే మాత్రం సరేనా? నిన్న అక్కడ నిలబడ్డవాళ్ళంతా ఎవరో ఒకరి అమ్మలే కదా," అన్నాడు ఎవరితోనో అన్నట్టు.

అత్తగారు ఇంతసేపూ కదలలేదు. మందు పడిన కన్ను ఎర్రగా చెమ్మగిల్లి ఉంది. అది మందు తడో ఇంకేమిటో చెప్పడం కష్టం. చెయ్యి ఒళ్ళో, చిన్నకోడలు పెట్టినచోటే ఉంది.

"అయితే ఇద్దరికీ తెలుసన్నమాట," అంది.

ఆమె కుర్చీ చేతుల మీద బరువు మోపి లేచింది. పెద్దకోడలు అలవాటుగా ముందుకు వచ్చి మోచెయ్యి పట్టుకోబోయింది. అత్తగారు చెయ్యి వెనక్కి తీసుకుంది. కోపంగా లాక్కోలేదు. వేడి గిన్నె తగిలితే తీసుకున్నట్టు తీసుకుంది. అటువైపునుంచి చిన్నకోడలు వచ్చింది. ఆమె వైపూ అంతే. గోడ పట్టుకుని, బల్ల అంచు తడుముకుని, గుమ్మం దాకా నడిచింది. కొక్కేనికి తగిలించిన శాలువా భుజాన వేసుకుంది.

"అమ్మా, ఎక్కడికి? పొద్దుగూకుతోంది," అన్నాడు మరిది లేస్తూ.

ఆమె మెట్టు కోసం కాలితో వెతుక్కుని దిగింది. ఇంకో మెట్టు. వాకిలి దాటింది.

"చూస్తారేంటి, ఆపండి ఆవిడ్ని!" అని అరిచాడు మరిది, చెప్పుల కోసం మంచం కింద వెతుక్కుంటూ. కోడళ్ళిద్దరూ గుమ్మం దగ్గర ఆగిపోయారు. ఏ మొహంతో ముందు వెళ్ళాలో తెలియక పెద్దామె చిన్నామె వైపు చూసింది, చిన్నామె పెద్దామె వైపు చూసింది. ఆ కాసేపట్లోనే గేటు చప్పుడైంది.

పెద్దకోడలు ఇక ఆగలేదు. వట్టి కాళ్ళతో వీధిలోకి పరుగెత్తింది. మలుపు దగ్గర బస్సు ఆగి ఉంది. లోపలినుంచి ఎవరో చెయ్యి అందిస్తే పట్టుకుని అత్తగారు మెట్టు ఎక్కుతోంది. అది ఎక్కడికి పోతుందో, ముందున్న బోర్డు చదివి తెలుసుకునే చూపు ఆమెకు లేదు. "అత్తయ్యా!" అన్న పిలుపుకి ఆమె తల తిరగలేదు. తలుపు మూసుకుంది. బస్సు కదిలింది.

(సశేషం)